చలిలో పరుగు: ప్రమాదం పరిగెత్తేటప్పుడు కాదు, ఆగాక

ఈ రోజు కూడా రన్నింగ్ గురించే మాట్లాడుకుందాం. కానీ ఈసారి టైమింగ్‌లు, షూలు, డైట్ కాదు. చలి గురించి. చలికాలంలో ప్రాక్టీస్ ఎలా చెయ్యాలి, చలికాలం రేసులో ఒంట్లో ఏం జరుగుతుంది, ఏ తప్పు చేస్తే పరుగు కాస్తా ఎమర్జెన్సీ అవుతుంది, ఇవీ ఇవాళ్టి విషయాలు. ఇదంతా పుస్తకం చదివి చెప్పట్లేదు. ఈ తప్పుల్లో చాలావరకు నేను చేసినవే.

ముందే ఒక మాట. నేను ప్రొఫెషనల్ రన్నర్ని కాదు, కోచ్‌ని కాదు, డాక్టర్ని అసలే కాదు. మాది కరీంనగర్. స్కూల్ స్పోర్ట్స్ డే రోజు చెట్టు కింద కూర్చుని చప్పట్లు కొట్టే బ్యాచ్ నాది. ఎమ్మెస్ చదవడానికి చికాగో వచ్చాక పరుగు అలవాటైంది. 10 కిలోమీటర్లు గంట లోపల పూర్తి చేస్తే ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పుకునే రకం. అంటే మీలాంటి వాడినే.

ఇక అసలు కథ. జనవరి నెల, ఆదివారం పొద్దున. మిషిగన్ సరస్సు పక్కన ఒక చిన్న 10కె రేసు. పేరు వద్దు, తప్పు వాళ్ళది కాదు, నాది. టెంపరేచర్ మైనస్ 9. సరస్సు మీంచి గాలి గంటకు 25 కిలోమీటర్ల స్పీడులో కొడుతోంది. నేను 58 నిమిషాల్లో ఫినిష్ చేశాను. నా మొదటి రేసు అది. మెడల్ వేశారు, అరటిపండు ఇచ్చారు. చలేస్తోందా అంటే లేదు, ఒళ్ళంతా చెమట, వేడిగా ఉంది. ఈ చలి ఇంతేనా అనుకున్నాను.

నా రూమ్మేట్ కూడా పరిగెడుతున్నాడు. వాడు వచ్చేదాకా ఫినిష్ లైన్ దగ్గరే నిలబడదాం, వీడియో తీద్దాం అనుకున్నాను. ఒంటి మీద కాలేజీ పేరు రాసిన కాటన్ హుడీ, దాని కింద కాటన్ టీషర్టు. రెండూ పిండితే నీళ్ళు కారేలా ఉన్నాయి. పది నిమిషాలకు వణుకు మొదలైంది. పదిహేను నిమిషాలకు పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. రూమ్మేట్‌కి ఫోన్ చేద్దామని జేబులోంచి తీశాను. వేలిముద్రతో లాక్ ఓపెన్ కావట్లేదు. పిన్ కొడదామంటే వేళ్ళు నా మాట వినట్లేదు, ఒక అంకె నొక్కబోతే ఇంకో అంకె పడుతోంది. అంతలో 40 శాతం చార్జింగ్ ఉన్న ఫోన్ టక్కున ఆఫ్ అయిపోయింది.

ఆ తర్వాత జరిగిందే అసలు భయం వేసే విషయం. కాసేపటికి వణుకు తగ్గింది. "హమ్మయ్య, ఒళ్ళు అలవాటు పడింది" అనుకున్నాను. అక్కడే ఒక సిమెంటు దిమ్మె ఉంటే దాని మీద కూర్చున్నాను. హాయిగా నిద్ర వస్తున్నట్టు ఉంది. అప్పుడు ఒక పెద్దావిడ, అక్కడ వలంటీర్, వచ్చి నీ పేరేంటి అని అడిగింది. చెప్పాను. ఆమెకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. నా మాట నాకే ముద్దముద్దగా వినిపించింది. ఆవిడ ఇంకో మాట అడక్కుండా నన్ను చెయ్యి పట్టుకుని మెడికల్ టెంట్‌లోకి తీసుకెళ్ళింది.

తడి బట్టలు తీసేశారు, దుప్పట్లు చుట్టారు, ఛాతీ దగ్గర వేడి ప్యాక్‌లు పెట్టారు. కాసేపయ్యాక కొంచెం కొంచెంగా వేడి చాక్లెట్ పాలు తాగించారు. ఒంటి లోపలి టెంపరేచర్ 35 డిగ్రీలకి కాస్త కిందికి దిగిందని చెప్పారు. మామూలుగా మనకి 37 ఉంటుంది కదా. 35 కంటే తగ్గితే దాన్ని హైపోథర్మియా అంటారు. ఎడమ చేతి మూడు వేళ్ళ కొసలు పాలిపోయి, గిల్లినా తెలియట్లేదు. అదృష్టం బాగుండి మొదటి దశలోనే ఆగింది. కానీ ఇప్పటికీ ఫ్రిజ్‌లోంచి చల్లటి సీసా తీస్తే ఆ మూడు వేళ్ళే ముందు జివ్వుమంటాయి.

ఆ రోజు నాకు అర్థమైంది ఇదీ, ఈ ఎపిసోడ్ మొత్తంలో మీరు గుర్తుపెట్టుకోవాల్సింది కూడా ఇదే: చలిలో పరిగెత్తే వాడికి ఎక్కువ ప్రమాదం పరిగెత్తేటప్పుడు కాదు. తడిసి, గాలిలో, ఆగిపోయినప్పుడు. తడి, గాలి, ఆగడం. ఈ మూడూ ఒక్కసారి కలవకుండా చూసుకుంటే చాలావరకు మనం సేఫ్.

ఎందుకు అలా? కొంచెం సైన్స్ మాట్లాడుకుందాం, బోర్ కొట్టదు లెండి. మనం పరిగెత్తేటప్పుడు ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తిలో సుమారు నాలుగో వంతు మాత్రమే కాళ్ళు కదలడానికి పనికొస్తుంది. మిగతాదంతా వేడిగా మారిపోతుంది. అంటే పరిగెత్తే మనిషి ఒక నడిచే హీటర్ లాంటివాడు. ఎండాకాలంలో మన సమస్య ఈ వేడిని ఎలా బయటికి పంపాలా అని. అందుకే ఏప్రిల్‌లో 5 కిలోమీటర్లకే గుండె దడదడలాడుతుంది. చల్లగా ఉంటే ఆ వేడి తేలిగ్గా బయటికి పోతుంది, గుండె మీద భారం తగ్గుతుంది. లాంగ్ డిస్టెన్స్ పరుగుకి 10 డిగ్రీల అటూఇటూ ఉంటే చాలా బాగుంటుంది అనేది అందుకే. ముంబై మారథాన్ జనవరిలో పెట్టడానికి కారణం కూడా ఇదే. కాబట్టి చలి మనకి శత్రువేం కాదు.

కానీ ఆగిన మరుక్షణం ఆ హీటర్ ఆఫ్ అయిపోతుంది. చెమట మాత్రం ఒంటి మీదే ఉంటుంది. నీళ్ళు మన ఒంటి వేడిని గాలి కంటే పాతిక రెట్లు వేగంగా లాగేస్తాయి. పైగా గాలి వీస్తుంటే, మన చర్మాన్ని అంటిపెట్టుకుని ఉండే పల్చటి వెచ్చటి పొర ఎప్పటికప్పుడు ఎగిరిపోతుంది. వేడి టీని సాసర్‌లో పోసుకుని ఊదితే ఎలా చల్లారుతుందో, అచ్చం అలాగే. దీన్నే విండ్ చిల్ అంటారు. అమెరికా వాతావరణ శాఖ దీనికి ఒక చార్ట్ పెట్టింది. ఉదాహరణకి టెంపరేచర్ మైనస్ 18 ఉండి, గాలి గంటకు 24 కిలోమీటర్లు వీస్తే, చర్మానికి అది మైనస్ 28తో సమానం. ఆ పరిస్థితిలో కప్పుకోని చర్మం 30 నిమిషాల్లో గడ్డకట్టొచ్చు. ఈ లెక్క గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

"అన్నా, మైనస్ 18 మాకెక్కడుంది, ఇదంతా అమెరికా గోల" అంటారేమో. ఒక్క విషయం చెబుతాను. 2021 మే 22న చైనాలో గాన్సు అనే రాష్ట్రంలో 100 కిలోమీటర్ల కొండ పరుగు జరిగింది. మే నెల, చూడండి. చాలామంది నిక్కర్లు, పల్చటి టీషర్టులతో బయల్దేరారు. మధ్యలో ఒక్కసారిగా వాతావరణం మారిపోయింది. వడగళ్ళు, చల్లటి వాన, ఈదురుగాలి. 172 మంది రన్నర్లలో 21 మంది చనిపోయారు. వాళ్ళలో లియాంగ్ జింగ్ ఒకడు. చైనాలో పేరున్న అల్ట్రా రన్నర్. నాలాగా కొత్తోడేం కాదు. ఆ రోజు ఒక గొర్రెల కాపరి తను తలదాచుకున్న గుహలోకి ఆరుగురిని చేర్చి, మంట వేసి, దుప్పట్లు కప్పి బతికించాడు. ఏం చేశాడాయన? తడిని తీసేశాడు, గాలిని ఆపాడు, వేడి ఇచ్చాడు. మెడికల్ టెంట్‌లో నాకు చేసింది కూడా అదే.

సరే, బట్టల సంగతికి వద్దాం. ఇక్కడ నేను సిగ్గుపడాల్సిన కథ ఒకటుంది. చికాగో బయల్దేరే ముందు మా అమ్మ సూట్‌కేసులో ఒక మంకీ క్యాప్ పెట్టింది. గోధుమ రంగుది, పైన చిన్న కుచ్చు. "చెవులు కప్పుకో బిడ్డా, సలి చెవుల్లకెళ్ళే పోతది" అంది. ఎయిర్‌పోర్టులో తీసి పడేద్దామనుకున్నా, కళ్ళ ముందే ఉంది కాబట్టి ఊరుకున్నా. ఇక్కడ ఎవరైనా చూస్తే పరువు పోతుందని సూట్‌కేసు అడుగున దాచేశా. ఆ రేసు అయ్యాక స్పోర్ట్స్ షాపుకి వెళ్ళి, చలికి తలకి ఏం పెట్టుకోవాలి అని అడిగితే, సేల్స్ అబ్బాయి ఒకటి తెచ్చి చూపించాడు. నల్లగా, స్టైలుగా ఉంది. పేరు బాలక్లావా. ధర 35 డాలర్లు. తీరా చూస్తే మంకీ క్యాపే! ఆ రోజు రూముకి వచ్చి సూట్‌కేసు అడుగు నుంచి అమ్మ ఇచ్చింది తీసి పెట్టుకున్నాను. మూడు చలికాలాల నుంచి అదే నా రన్నింగ్ క్యాప్.

బట్టలకి రూల్ సింపుల్. ఒక దుప్పటంత మందం కోటు కాదు, పల్చటివి రెండు మూడు పొరలు. లోపలి పొర చెమటని పీల్చుకుని దాచుకోకూడదు, బయటికి పంపాలి. పాలియెస్టర్ స్పోర్ట్స్ టీషర్టు అయినా, పల్చటి ఉన్ని అయినా సరే. కాటన్ మాత్రం వద్దు. మనం ఎండాకాలం కాటన్ ఎందుకు వేసుకుంటాం? చెమట పీల్చుకుని తడిగా, చల్లగా ఉంచుతుందని. చలికాలంలో సరిగ్గా ఆ గుణమే మన కొంప ముంచుతుంది. మధ్య పొర వెచ్చదనానికి. పై పొర గాలిని ఆపడానికి, పల్చటి విండ్ జాకెట్ చాలు. దానికి జిప్ ఉండాలి, వేడెక్కగానే కాస్త దించుకోవడానికి.

ఎంత వేసుకోవాలి అంటే, బయట ఉన్న టెంపరేచర్ కంటే ఓ 8, 10 డిగ్రీలు ఎక్కువ ఉందనుకుని తయారవ్వండి. మొదటి కిలోమీటరులో కొంచెం చలి వెయ్యాలి. గుమ్మం దాటగానే వెచ్చగా ఉందంటే, మీరు ఎక్కువ వేసుకున్నట్టే. ఇంకో పది నిమిషాల్లో చెమటలో తడిసిపోతారు. చేతులకి వేళ్ళు విడివిడిగా ఉండే గ్లవ్స్ కంటే, వేళ్ళన్నీ ఒకే సంచిలో ఉండే మిట్టెన్స్ బెటర్. వేళ్ళు ఒకదానికొకటి వేడి ఇచ్చుకుంటాయి. అబ్బాయిలకి ఇంకో మాట. ఎదురుగాలిలో పల్చటి ట్రాక్ ప్యాంటుతో గంట పరిగెత్తితే ఎక్కడ మొద్దుబారుతుందో నేను చెప్పను. ముందు వైపు గాలి ఆపే లోదుస్తులు దొరుకుతాయి, డబ్బులు దండగ అనుకోకండి. నేను ఒకసారి అనుకున్నా, రెండోసారి అనుకోలేదు.

ఇప్పుడు రూట్. చికాగోలో సరస్సు ఒడ్డున లేక్‌ఫ్రంట్ ట్రైల్ అని దాదాపు 29 కిలోమీటర్ల బాట ఉంది. ఎండాకాలంలో స్వర్గం, చలికాలంలో గాలికి అడ్డంగా ఒక్క గోడ ఉండదు. మొదట్లో నేను గాలి వెనక నుంచి తోస్తుంటే హుషారుగా ఐదు కిలోమీటర్లు వెళ్ళిపోయేవాణ్ణి, తర్వాత తడిసిన ఒంటితో ఎదురుగాలిలో తిరిగి వచ్చేవాణ్ణి. అంటే మనం ఇందాక చెప్పుకున్న మూడింట్లో రెండిటిని నా చేతులారా కలిపాను. ఇప్పుడు రివర్స్ చేస్తాను. ఒళ్ళు పొడిగా, ఓపికగా ఉన్నప్పుడే ఎదురుగాలిలోకి వెళ్ళాలి. చెమట పట్టాక గాలి వీపు వెనక ఉండాలి. బయటికి అడుగు పెట్టే ముందు వెదర్ యాప్‌లో టెంపరేచరే కాదు, గాలి బాణం ఎటు ఉందో కూడా చూడండి.

బాగా చలిగా ఉన్న రోజు దూరం పోను. ఇంటి చుట్టూ రెండు కిలోమీటర్ల రౌండ్లు కొడతాను. కాలు మెలిక పడిందే అనుకోండి. ఇంటికి కుంటుకుంటూ నడిచి రావాలి. నడిస్తే హీటర్ సగం ఆఫ్ అయినట్టే కదా. ఆ నడకలో ఒళ్ళు గడ్డకట్టనంత దగ్గరలోనే పరిగెత్తాలి.

మంచు గురించి. తెల్లగా మెత్తగా ఉన్న మంచు అంత ప్రమాదం కాదు, కాకపోతే స్పీడు తగ్గుతుంది. ప్రమాదం బ్లాక్ ఐస్‌తో. రోడ్డు మీద అద్దంలా పల్చటి ఐస్ పొర ఉంటుంది, తడి రోడ్డేలే అనుకుంటాం. వంతెనల మీద కింద కూడా చల్లగాలే కాబట్టి అక్కడ ముందుగా కడుతుంది. అడుగులు చిన్నవి వెయ్యాలి, పాదం మన ఒంటికి సరిగ్గా కిందే పడాలి, మలుపుల దగ్గర నడవాలి. వాచ్‌లో కిలోమీటరుకి ఎన్ని నిమిషాలు పడుతోందో చూడటం మానేయండి. చలికాలం ట్రైనింగ్‌లో నేను టైమింగ్ కాదు, శ్రమ చూస్తాను. పక్కన మనిషి ఉంటే రెండు వాక్యాలు మాట్లాడగలనా? గలిగితే సరైన స్పీడే. మరీ ఐస్ ఉన్న రోజు జిమ్‌లో ట్రెడ్‌మిల్ ఎక్కుతాను. దాంట్లో నామోషీ ఏం లేదు.

చాలామంది అడిగేది: చల్లగాలికి ఊపిరితిత్తులు గడ్డకట్టవా? గడ్డకట్టవు. ముక్కు, గొంతు దాటేలోపే గాలి వెచ్చబడిపోతుంది. కానీ చల్లగాలి బాగా పొడిగా ఉంటుంది. వేగంగా పీలిస్తే శ్వాసనాళాలు ఎండిపోయి బిగుసుకుంటాయి. రేసు తర్వాత గంటసేపు పొడి దగ్గు అందుకే. నోటికి పల్చటి గుడ్డ అడ్డం పెట్టుకుంటే చాలా తేడా ఉంటుంది, అమ్మ మంకీ క్యాప్‌కి మళ్ళీ మార్కులు. ఆస్తమా ఉన్నవాళ్ళు, గుండె సమస్య ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా చలిలో పరుగు మొదలుపెట్టకండి. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. మామూలు వాళ్ళు కూడా వార్మప్ ఇంట్లోనే చేసుకుని బయటికి రావాలి. ఇంకోటి, చలిలో దాహం వెయ్యదు. కానీ ప్రతి ఊపిరితో నోటి నుంచి పొగలా వచ్చేది మన ఒంట్లో నీళ్ళే. దాహం వేసినా వెయ్యకపోయినా తాగండి.

ఫోన్ గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. 40 శాతం ఉన్న ఫోన్ ఎందుకు ఆగిపోయింది? లిథియం బ్యాటరీ లోపల జరిగేది రసాయన చర్య. చలికి అది నెమ్మదిస్తుంది, చార్జింగ్ ఉన్నా కరెంటు బయటికి ఇవ్వలేదు. ఐఫోన్ అయితే 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని కంపెనీయే చెబుతుంది. కాబట్టి ఫోన్ పై జాకెట్ జేబులో కాదు, లోపలి పొరలో ఒంటికి ఆనించి పెట్టుకోండి. అయినా దాన్ని నమ్ముకోకండి. ఏ రూట్లో వెళ్తున్నానో, ఎన్నింటికి వస్తానో బయల్దేరే ముందే రూమ్మేట్‌కి చెప్పి వెళ్ళండి. డిసెంబర్‌లో ఇక్కడ సాయంత్రం 4:20కే పొద్దుగూకుతుంది, కాబట్టి లైటు పడితే మెరిసే జాకెట్ కూడా తప్పనిసరి.

ఇక రేసు రోజు. ఇప్పుడు నేను ఫినిష్ లైన్‌ని రేసు ముగింపు అనుకోను. పొడి బట్టలు వేసుకున్నాకే రేసు అయిపోయినట్టు. సంచిలో పొడి టీషర్టు, సాక్సులు, టవల్, మందపాటి జాకెట్, ఫ్లాస్కులో టీ. ఫినిష్ అవ్వగానే ముందు బట్టలు మార్చడం, తర్వాతే మెడల్ ఫొటో. ఫ్రెండ్ కోసం వెయిట్ చెయ్యాలంటే లోపల ఎక్కడైనా వెయిట్ చెయ్యాలి.

పక్కవాళ్ళని కూడా గమనించండి. మాట ముద్దగా వస్తోందా, జిప్ పెట్టుకోలేకపోతున్నారా, నడక తూలుతోందా? ఇంతకుముందు వణికి, ఇప్పుడు వణకట్లేదా? వణుకు అనేది ఒళ్ళు వేడి పుట్టించుకోవడానికి చేసే ప్రయత్నం. వెచ్చబడకుండానే అది ఆగిపోయిందంటే ఒళ్ళు ఓడిపోతోందని అర్థం. వెంటనే లోపలికి తీసుకెళ్ళి, తడి బట్టలు తీసి, కప్పి, అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి. "ఒక పెగ్గు వేస్తే వెచ్చబడతాడు" అనే సలహా వినకండి. మందు రక్తాన్ని చర్మం వైపు తోస్తుంది, లోపలి వేడి ఇంకా తొందరగా పోతుంది. వేళ్ళు తెల్లబడి మొద్దుబారితే రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు. స్పర్శ ఉండదు కాబట్టి కాలినా తెలియదు. గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

రెండో సంవత్సరం సంగతి చెబుతాను. ఇందాక ఒక లెక్క గుర్తుంచుకోమన్నాను కదా. మళ్ళీ జనవరి, అదే రేసు. నాలుగు నెలలు ట్రైనింగ్ చేశాను. టార్గెట్ 52 నిమిషాలు. 45 డాలర్ల ఫీజు కట్టాను, స్టూడెంట్‌కి అది వారం కూరగాయల ఖర్చు. పొద్దున్నే లేచి యాప్ చూస్తే మైనస్ 18, గాలి 24 కిలోమీటర్లు. చార్ట్ ప్రకారం అరగంటలో చర్మం గడ్డకట్టొచ్చు. నాకు పరుగే దాదాపు గంట, ముందూ వెనకా నిలబడే టైము వేరే. పైగా ఒకసారి చలి దెబ్బ తిన్న వేళ్ళు. రేసు క్యాన్సిల్ కాలేదు. ఫ్రెండ్స్ అందరూ వెళ్తున్నారు. బిబ్ నంబర్ జాకెట్‌కి పిన్నులు గుచ్చి రెడీగా ఉంది.

షూ లేసులు కట్టుకుని మంచం మీద అలా ఇరవై నిమిషాలు కూర్చున్నాను. నాన్నకి ఫోన్ చేశాను. ఆయనకి మారథాన్ అంటే తెలియదు, పీబీ అంటే తెలియదు. అంతా విని, "ఇయ్యాల నువ్వు ఉరకకపోతే ఎవరికి నష్టం రా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. లేసులు విప్పేశాను. నిజం చెప్పాలంటే ఆ రోజంతా ఏడుపొక్కటే తక్కువ. ఫ్రెండ్స్ మెడల్స్‌తో ఫొటోలు పెడుతుంటే ఫోన్ పక్కన పడేశాను. వాళ్ళందరూ బాగానే ఉన్నారు, వాళ్ళకి ఏమీ కాలేదు. అయినా నా నిర్ణయం కరెక్టే అంటాను. ఎందుకంటే వాళ్ళ వేళ్ళు వేరు, నా వేళ్ళు వేరు. మూడో జనవరి అదే రేసుకి మైనస్ 4 ఉంది. 53 నిమిషాల 40 సెకన్లు. టార్గెట్ ఇంకా మిగిలే ఉంది.

అలాగని చలికి భయపడి ఇంట్లో కూర్చోమని నేను చెప్పట్లేదు. జపాన్‌లో యూకీ కవాఉచి అని ఒక రన్నర్ ఉన్నాడు. సైతామా రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి, హైస్కూల్ ఆఫీసులో పని చేసుకుంటూ పరిగెత్తేవాడు. 2018 జనవరి 1న అమెరికాలో మార్ష్‌ఫీల్డ్ అనే ఊళ్ళో మైనస్ 17 దగ్గర మారథాన్ పరిగెత్తి 2 గంటల 18 నిమిషాల 59 సెకన్లలో పూర్తి చేశాడు. ఆ రోజు ఫినిష్ చేసింది ఆయనొక్కడే. అదే ఏడాది ఏప్రిల్ 16న బోస్టన్ మారథాన్ రోజు కుండపోత చల్లటి వాన, ఎదురుగాలి. చాలామంది పెద్ద పెద్ద ప్రొఫెషనల్స్ మధ్యలో ఆగిపోయారు. 2:15:58తో గెలిచింది ఈ ఉద్యోగస్తుడే. చలికి సిద్ధపడ్డవాడికి చలి కలిసొస్తుంది. సిద్ధపడటానికి ఆయనకి ఏళ్ళు పట్టింది, అదీ మర్చిపోకండి.

చివరగా మన ఊళ్ళ సంగతి. హైదరాబాద్‌లో, కరీంనగర్‌లో చలికాలమే పరుగుకి బెస్ట్ సీజన్. కానీ అదే తప్పు మన దగ్గర కూడా జరుగుతుంది, ఇంకో రూపంలో. నెక్లెస్ రోడ్డు మీద పొద్దున ఆరింటికి పది కిలోమీటర్లు పరిగెత్తి, తడిసిన టీషర్టుతోనే బండెక్కి 50 స్పీడులో ఇంటికి పోతాం. తడి ఉంది, ఆగాం, గాలి మనమే పుట్టించుకున్నాం. ఇంటికెళ్ళేసరికి వేళ్ళు బ్రేకు మీద బిగుసుకుపోతాయి. బండి డిక్కీలో ఒక పొడి టీషర్టు, ఒక జాకెట్ పెట్టుకోండి. అంతే. ఇంకోటి, చలికాలం తెల్లవారుజామున చల్లగాలి కిందే పేరుకుని పొగని కూడా కిందే పట్టి ఉంచుతుంది. ఆ రోజు గాలి నాణ్యత ఎలా ఉందో ఫోన్‌లో చూసుకుని, పొగ ఎక్కువగా ఉంటే కాస్త ఎండ వచ్చాక వెళ్ళండి. పొగమంచులో హైవే మీదికి మాత్రం వెళ్ళకండి. మీకు లారీ కనిపిస్తుంది, లారీ డ్రైవర్‌కి మీరు కనిపించరు.

మొన్న ఇంటికి వీడియో కాల్ చేసినప్పుడు మంకీ క్యాప్ పెట్టుకుని ఉన్నాను. అమ్మ చూసి ఏమీ అనలేదు, నవ్వింది. తర్వాత నాన్న ఫోన్ తీసుకుని, "ఇంకోటి అల్లుతుందిరా, నల్ల ఊలు తెచ్చుకుంది" అన్నాడు.

సరే ఫ్రెండ్స్, రేపు పొద్దున అలారం పెట్టుకునే ముందు పొడి టీషర్టు సంచిలో పెట్టుకోండి. మళ్ళీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.